సాటి తల్లి తోడు

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెత మనందరికీ తెలిసిందే. ఎన్నోసార్లు మనమే అని ఉంటాం కూడా. ఆ మాట ఏ తల్లి ముందు అంటున్నామో ఒక్క క్షణం ఆగి చూసుకోవాలని చెప్పడానికే ఈవేళ మీ ముందుకు వచ్చాను.

నంద్యాల బస్టాండులో ఆళ్ళగడ్డ బస్సెక్కి కూర్చున్నారనుకోండి. మీ ముందు సీట్లో ఒకామె ఏడేళ్ళ పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉంది. బస్సు కదలగానే వాడు చెవులు మూసుకుని కేకలు పెడతాడు. తల్లి చెయ్యి కొరుకుతాడు. కిటికీ కడ్డీకి తల కొట్టుకుంటాడు. ఇక బస్సులో వాళ్ళందరూ తలా ఒక మాట అంటారు. "రెండు తగిలించమ్మా, వాడే ఊరుకుంటాడు" అని ఒకరు. "గారాబం చేసి చెడగొట్టింది" అని ఇంకొకరు. "ఏదో గాలి సోకినట్టుంది, తాయెత్తు కట్టించు" అని మరొకరు. ఆ తల్లి ఎవరికీ జవాబు చెప్పదు. శిరివెళ్ళ రాగానే పిల్లవాణ్ణి చంకనేసుకుని దిగిపోతుంది. ఆమె వెళ్ళవలసిన ఊరు అది కాదు. ఆ మాటలు పడలేక దిగిపోయింది.

ఇరవై ఏళ్ళ క్రిందట అలా దిగిపోయిన తల్లిని నేనే.

మా అబ్బాయికి ఆటిజం అని తేలడానికి అప్పట్లో మాకు చాలా కాలం పట్టింది. ఇప్పుడు వాడికి 27 ఏళ్ళు. మాట తక్కువ. ఒక కిరాణా కొట్లో పప్పులు తూచి పొట్లాలు కడతాడు. తూకంలో ఒక్క గ్రాము తేడా రానివ్వడు. అలాగని వాడికి నయమైపోయిందని నేను చెప్పను. వాడికీ మాకూ బతుకు కుదుటపడింది అంటాను. ఈ కుదుటపాటులో డాక్టర్ల పాలు ఎంత ఉందో, నాకంటె ముందు ఈ దారిన నడిచిన ఇంకొక తల్లి పాలూ అంతే ఉంది. ఆ రెండో సాయం గురించే నా మాటలు.

ముందుగా అసలు సంగతి చూద్దాం. ప్రవర్తనలో ఇబ్బంది ఉన్న పిల్లలందరిదీ ఒకే బాధ కాదు. ఆటిజం ఉన్న బిడ్డకు చప్పుళ్ళూ, వెలుతురూ, జనం, అనుకోని మార్పులూ భరించరానివిగా ఉంటాయి. అతి చురుకుదనం, ఏకాగ్రత లోపం ఉన్న బిడ్డ ఒకచోట కుదురుగా కూర్చోలేడు, వరుసలో తనవంతు వచ్చేదాకా ఆగలేడు. చదవడంలోనో లెక్కల్లోనో ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్న పిల్ల తెలివైనదే అయినా, రోజూ తరగతిలో నవ్వులపాలై చివరికి జగడాలమారిగా పేరు తెచ్చుకుంటుంది. కొందరు పిల్లలకు లోపల దిగులో భయమో ఉంటుంది. అది పెద్దవాళ్ళలాగా ఏడుపుగా బయటికి రాదు, కోపంగా వస్తుంది. చూసేవాళ్ళకు మాత్రం అందరూ 'అల్లరి పిల్లలే'!

ఇది తల్లి పెంపకం వల్ల వచ్చిందా? ఒకప్పుడు పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు ఆటిజాన్ని గురించి మొదటిసారి విపులంగా వ్రాశారు. ఆ తరువాత చాలా ఏళ్ళపాటు, తల్లి మనసు మంచుగడ్డలాంటిది కాబట్టే బిడ్డ ఇలా అయ్యాడని అక్కడి నిపుణులు కొందరు ప్రచారం చేశారు. ఎందరు తల్లులు ఆ మాటను గుండెల్లో పెట్టుకుని కుమిలిపోయారో! 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక పుస్తకం వ్రాసి, ఇది తల్లి చేసిన తప్పు కాదు, పుట్టుకతో మెదడు ఎదుగుదలలో ఉన్న తేడా అని వాదించారు. ఆయన కొడుక్కీ ఆటిజమే. అంటే నిపుణుల పొరపాటును దిద్దడానికి ముందుకు వచ్చింది ఒక తండ్రి! మరుసటి ఏడు, 1965లో, ఆయన ఇతర తల్లిదండ్రులతో కలిసి అమెరికాలో ఒక సంఘం పెట్టారు. ఈనాడు వైద్యశాస్త్రం ఆయన పక్షానే ఉంది. పెంపకం వల్ల ఆటిజం రాదు. అయితే మనం మెలిగే తీరునుబట్టి బిడ్డ ఇబ్బంది తగ్గవచ్చు, పెరగవచ్చు. ఈ రెండు మాటలకూ ఉన్న తేడా గుర్తుపెట్టుకోవాలి.

మరి నాకు ఆ మాట ఎవరు చెప్పారు? నంద్యాలలోనే, మా వీధికి నాలుగు వీధుల అవతల ఒక పెద్దావిడ ఉండేవారు. ఆమె కూతురిది కూడా ఇటువంటి బాధే. నా సంగతి ఎవరో చెబితే ఒకనాటి మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. వచ్చి సలహా ఏమీ చెప్పలేదు. మంచం మీద కుప్పగా పడి ఉన్న ఉతికిన బట్టలు చూసి, ఒక్కొక్కటీ మడతపెడుతూ కూర్చున్నారు. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఏడుస్తూనే ఉన్నాను. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఇందులో నీ తప్పేం లేదమ్మాయీ. మళ్ళీ గురువారం వస్తాను" అన్నారు. అన్నట్టే వచ్చారు. ఆ 'మళ్ళీ వస్తాను' అనే మాటే నాకు మందయింది.

ఇప్పుడు నేనూ, నావంటి మరి నలుగురైదుగురూ అదే పని చేస్తున్నాం. మాకు బోర్డూ లేదు, ఆఫీసూ లేదు. ఒక తల్లికి ఇంకొక తల్లి తోడు, అంతే. ఆళ్ళగడ్డలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఆ ఇల్లాలి అనుమతి తీసుకునే చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పను.

ఆళ్ళగడ్డ శిల్పాలకు పేరుపడ్డ ఊరని మీకు తెలుసు. ఆమె భర్త రాతిపని చేస్తాడు. కొడుకు రెండో తరగతి. సర్టిఫికెట్టు కోసం ఆస్పత్రిలో వరుసలో నిలబడి ఉండగా నాకు పరిచయమయింది. మా వాణ్ణి చూసి, "అక్కా, మీవాడు కూడానా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నలోనే మా స్నేహం మొదలయింది. బళ్ళో ఆమె కొడుకు ఒక ఆడపిల్లను కొరికాడట. టి.సి. తీసుకుపొమ్మని బడివాళ్ళు కబురు పెట్టారు. ఇంట్లో వాళ్ళ అత్తగారు, "మా వంశంలో ఇట్లాంటోళ్ళు లేరు, నీ వైపునుంచే వచ్చింది" అంటోంది. భర్త మంచివాడే, కాని తల్లి మాటకు ఎదురుచెప్పలేక పని దగ్గరే పొద్దు గడుపుతున్నాడు.

మేమిద్దరం బస్సెక్కి ఆళ్ళగడ్డ వెళ్ళి, ఆమెతో కలిసి బడికి వెళ్ళాం. అక్కడ మేము పోట్లాడలేదు. "పోరు నష్టం, పొందు లాభం" అన్నారు పెద్దలు. హెడ్మాస్టరుగారు చెప్పింది విన్నాం. ఒక టీచరమ్మ, నలభైమంది పిల్లలు. కొరికించుకున్న పాప తల్లిదండ్రులు వచ్చి నిలదీశారు. ఆ పాప కూడా బిడ్డే గదా! టీచరమ్మ కష్టం కూడా నిజమైన కష్టమే. "రెండు వారాలు గడువివ్వండి. వాడు ఎప్పుడు, ఎందుకు అలా చేస్తున్నాడో కనిపెడదాం" అని అడిగాం. సరేనన్నారు.

ఒక నోటుపుస్తకం కొన్నాం. పేజీకి రెండు గీతలు గీసి మూడు భాగాలు చేశాం. మొదటి దాంట్లో గొడవకు ముందు ఏం జరిగింది, రెండో దాంట్లో వాడేం చేశాడు, మూడో దాంట్లో ఆ తరువాత పెద్దవాళ్ళేం చేశారు. అంతే. బళ్ళో టీచరమ్మ వ్రాసింది, ఇంట్లో తల్లి వ్రాసింది. రెండు వారాలు తిరిగేసరికి ఆ పుస్తకమే మాతో మాట్లాడింది. బళ్ళో గొడవలన్నీ దాదాపుగా ఒకే వేళకు జరుగుతున్నాయి. మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు! గంట వాళ్ళ తరగతి గుమ్మం పక్కనే ఉంది. గంట మోగగానే నలభైమందీ ఒక్కసారి తోసుకుంటూ లేస్తారు. చెవులు పగిలిపోతున్నట్టుండే బిడ్డకు ఎవరు అడ్డం వస్తే వాళ్ళను కొరకడం ఒక్కటే దారి అయింది.

ఇంట్లో సంగతి కనిపెట్టింది ఎవరనుకున్నారు? ఆ అత్తగారే! ఆమెకు చదువు రాదు. "వ్రాసుకోవే" అని కోడలికి చెప్పి వ్రాయించింది. కుక్కరు ఈల వేస్తే గొంతు చించుకునే మనవడు, తండ్రి పనిచేసే చోట ఉలి దెబ్బల మధ్య గంటలకొద్దీ నిమ్మళంగా కూర్చుంటున్నాడని జేజికే తట్టింది. ఉలి చప్పుడు ఒకే లయలో పోతుంది, ఎప్పుడు పడుతుందో తెలుస్తుంది. కుక్కరు ఈల ఎప్పుడు వస్తుందో తెలియదు. వాడికి బాధ చప్పుడు కాదు, చెప్పకుండా వచ్చే చప్పుడు. ఆనాటినుంచి ఆమె కుక్కరు పెట్టగానే, "నాయనా, ఈల వస్తాది, రా, బయట కూర్చుందాం" అని వాణ్ణి అరుగు మీదికి తీసుకువెళ్ళడం మొదలుపెట్టింది. 'నీ వైపునుంచి వచ్చింది' అన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

బళ్ళో కూడా గంటకు రెండు నిమిషాల ముందే ఆయాతో బయటికి పంపించే ఏర్పాటు చేశారు. 'బయటికి వెళ్ళాలి' అని నోటితో చెప్పలేడు కాబట్టి, గుమ్మం బొమ్మ వేసిన అట్టముక్క ఒకటి చేతికిచ్చారు. కొరకడం చాలావరకు తగ్గింది. పూర్తిగా పోయిందని చెబితే అబద్ధం. దసరా సెలవుల తరువాత నాలుగు రోజులు మళ్ళీ మొదటికి వచ్చింది. మళ్ళీ పుస్తకం తీశాం. టి.సి. మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఇందులో చట్టం పాత్ర ఏమిటని అడుగుతారేమో. 'అడగందే అమ్మైనా పెట్టదు' అంటారు గదా, అడగాలంటే ఏమి అడగవచ్చో తెలియాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాణ్ణి బడినుంచి వెళ్ళగొట్టకూడదు. కొట్టడం, మనసు గాయపరచడం కూడా నిషేధమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, మేధో వైకల్యం, చదువులో ప్రత్యేక ఇబ్బందులు, మానసిక వ్యాధులు అందులో ఉన్నాయి. అతి చురుకుదనం మాత్రం విడిగా ఆ పట్టికలో లేదు. వైకల్యం 40 శాతమూ అంతకు పైనా ఉన్నట్టు సర్టిఫికెట్టు ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఆటిజం, మేధో వైకల్యం, మస్తిష్క పక్షవాతం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద 'నిరామయ' అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయలదాకా. అదే చట్టం ప్రకారం, బిడ్డకు 18 నిండాక సంరక్షకులను నియమించేందుకు కలెక్టరు ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది కాబట్టి, మన కలెక్టరు ఆఫీసు ఇప్పుడు కర్నూలులో కాదు, నంద్యాలలోనే ఉంది. ప్రభుత్వ బళ్ళకు అనుబంధంగా మండలాల్లో నడిచే 'భవిత' కేంద్రాల్లో ఇటువంటి పిల్లలకోసం ప్రత్యేకంగా శిక్షణ పొందిన టీచర్లుంటారు. వెళ్ళి అడగండి.

ఆళ్ళగడ్డ బడికి వెళ్ళిన రోజున ఈ చట్టాల కాగితాలు మా సంచిలో ఉన్నాయి. బయటికి తీయవలసిన అవసరం రాలేదు. కాని అవి ఉన్నాయన్న ధైర్యంతోనే ఆ తల్లి గొంతు వణక్కుండా మాట్లాడింది.

ఇటువంటి తోడు మనమే కొత్తగా కనిపెట్టింది కాదు. 1962లో లండన్ లో కొందరు తల్లిదండ్రులు కలిసి ఆటిజం పిల్లలకోసం సంఘం పెట్టుకున్నారు. వారిలో లోర్నా వింగ్ అనే ఆమె స్వయంగా మానసిక వైద్యురాలు, ఆటిజం ఉన్న పాపకు తల్లి కూడా. 1971లో అమెరికాలోని ఒమాహా నగరంలో, కష్టం గడిచిన తల్లిదండ్రులను కొత్తగా ఆ కష్టంలో పడ్డవారికి జతచేసే పద్ధతి మొదలయింది. మన తెలుగునాట 1984లో సికింద్రాబాదులో మేధో వైకల్యం ఉన్నవారికోసం జాతీయ సంస్థ వెలసింది. దేశంలోని తల్లిదండ్రుల సంఘాలు కలిసి 1995లో 'పరివార్' అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. అంతెందుకు, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి గోడు ఒకరు చెప్పుకునే గదా సారా మీద తిరగబడ్డారు! ఎవరింటి ఏడుపు వాళ్ళింట్లో ఉన్నంతకాలం అది తలరాత. నలుగురూ చెప్పుకున్నాక అది పరిష్కరించవలసిన విషయం.

ఇక, సాటి తల్లిగా వెళ్ళేవాళ్ళు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. మేము ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాం. ఒకామె ఎంతో కష్టపడి ఇంట్లో ఒప్పించుకుని మా దగ్గరికి వచ్చింది. మేము నలుగురమూ సంబరంగా చుట్టూ చేరి, ఈ ఫారం నింపు, ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళు, ఈ తిండి మాన్పించు అని ఊపిరాడనివ్వకుండా చెప్పాం. ఆమె వచ్చింది ఏడవడానికి. మేము చేతిలో జాబితా పెట్టాం. ఇంకొక్కసారి వచ్చి ఇక రాలేదు. తరువాత వాళ్ళు ఊరు మారిపోయారు. ఫోను నంబరూ మారిపోయింది. ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ కళ్ళల్లో మెదులుతూనే ఉంటుంది.

కాబట్టి మొదటి సంగతి, వినడం. మొదటి రోజు సలహాలు వద్దు. రెండవది, గుట్టు. ఆమె ఇంటి మాట మీ ఇంటి గడప దాటరాదు, మీ భర్తకు కూడా చెప్పరాదు. మూడవది, మనం డాక్టర్లం కాము. మందు మానెయ్యమనీ, మా వాడికిచ్చిన మాత్రే మీవాడికీ వెయ్యమనీ ఎన్నడూ అనకూడదు. మొక్కు తీర్చుకోవడానికి మహానందికి వెళతాననో అహోబిలం వెళతాననో అంటే వద్దనవలసిన పనిలేదు. అక్కడినుంచి వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్ళేటట్టు చూస్తే చాలు. నాలుగవది, నయమైపోతుందని ఆశ పెట్టరాదు. అయిదవది అన్నిటికంటె ముఖ్యం. ఆమె మాట ఆమే మాట్లాడాలి. ఆఫీసులోనైనా బళ్ళోనైనా మనం పక్కన కూర్చుంటాం, ఆమె మరిచిపోతే గుర్తుచేస్తాం. ఆమె బదులు మనం మాట్లాడితే, మనం లేనినాడు ఆమె మళ్ళీ మూగదే అవుతుంది.

ఇంకొక్క మాట. ఇటువంటి ఇంట్లో ఉండే రెండో బిడ్డను మరువకండి. మా అమ్మాయి చిన్నప్పుడు అడిగిందేమీ లేదు. బుద్ధిమంతురాలని మురిసిపోయాను. పెద్దయ్యాక ఒకరోజు, "అమ్మా, నేనూ అల్లరి చేస్తే నువ్వు చచ్చిపోతావని భయపడి ఊరుకునేదాన్ని" అంది. అందుకే ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా ముందు ఆ రెండో బిడ్డను పలకరిస్తాను. తండ్రిని కూడా పలకరించాలి. మగవాడు ఏడవకూడదని మనమే నేర్పాం, తరువాత అతను ఏమీ పట్టించుకోడని మనమే అంటాం.

ఆ తల్లికి నిద్రపట్టనంత దిగులుగా ఉంటే, బతుకు మీద విసుగు పుడుతుంటే, దాచుకోవద్దని చెప్పండి. 2022 అక్టోబరునుంచి 'టెలీ మానస్' అనే ప్రభుత్వ ఫోను సేవ ఉంది. నంబరు 14416. పగలైనా రాత్రయినా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఖర్చు లేదు.

మా ఇంట్లో అటువంటి పిల్లలు లేరు గదా, మాకెందుకు ఇదంతా అని మీలో కొందరు అనుకోవచ్చు. మీ వీధిలో తప్పక ఉంటారు. పొడుపు సంఘం సమావేశంలో లెక్కలయ్యాక పది నిమిషాలు ఈ విషయం మాట్లాడండి. పుట్టినరోజు పేరంటానికి ఆ బిడ్డనూ పిలవండి, ఆరుబయట ఒక కుర్చీ వేసి ఉంచండి. తల్లి డాక్టరు దగ్గరికి వెళితే రెండో బిడ్డకు మీ ఇంట్లో ఇంత అన్నం పెట్టండి. ఇవి పెద్ద పనులు కావు.

ఈసారి బస్సులో అటువంటి తల్లి కనిపిస్తే సామెత చెప్పకండి, రెండు తగిలించమనకండి. "కిటికీ పక్కన కూర్చుంటావామ్మా? ఆ సంచి ఇటివ్వు, నేను పట్టుకుంటాను" అనండి. ఆమె శిరివెళ్ళలో దిగిపోకుండా, వెళ్ళవలసిన ఊరిదాకా వెళుతుంది.